మూడుసార్లు ఆగిన బోటు

నాంచారికి అంతుపట్టనిది ఒక్కటే. గట్టుకి కట్టేసి ఉన్నంతసేపూ ఆ బోటుకి ఏ రోగమూ లేదు. సముద్రంలోకి వెళ్ళిందా, రెండో రాత్రి తెల్లవారేసరికి రెండు బ్యాటరీలూ చచ్చి ఊరుకుంటాయి.

ఒకసారైతే ఏదో అయిందిలే అనుకోవచ్చు. ఇది మూడోసారి. మూడుసార్లూ ఇంకో బోటు తాడు వేసి ఈడ్చుకొచ్చింది. ఈసారి గిలకలదిండి రేవులోకి అలా ఈడ్చుకొస్తుంటే, గట్టు మీద వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు పని ఆపి చూశారు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది నాంచారికి.

ఆ బోటుని నడిపే సరంగు మోపిదేవి. ఆయనతో కలిపి ఏడుగురు మనుషులు. బ్యాటరీలు రెండు. ఒకటి ఇంజను స్టార్టు చెయ్యడానికి. రెండోది దీపాలకీ, వైర్‌లెస్ సెట్టుకీ, చేపల జాడ చూపించే పెట్టెకీ. ఇంజను తిరుగుతున్నంతసేపూ డైనమో రెండిటినీ నింపాలి. ఇంజను ఆపగానే రెండూ దేనికది విడిపోవాలి. దీపాల బ్యాటరీ రాత్రంతా వెలిగి వెలిగి ఖాళీ అయిపోనీ, అది ఇంజను బ్యాటరీ జోలికి పోకూడదు. పొద్దున్నే వల లాగాక ఇంజను స్టార్టు చేసుకుని ఇంటికి రావాలి గదా మరి. అవసరానికి ఆ రెండిటినీ కలిపి, అవసరం తీరగానే విడదీసేది అరచేతిలో పట్టేంత రిలే పెట్టె ఒకటి.

ఆ పెట్టె ఎలా పనిచేస్తుందో నాంచారికి నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. పాలిటెక్నిక్ చదివింది. ఆ రేవులో బోట్ల కరెంటు పని నేర్చుకున్న మొదటి ఆడపిల్ల. రెండేళ్ళ కిందట, ఇంట్లోవాళ్ళు వద్దంటున్నా వినకుండా, జలాల్ మేస్త్రి దగ్గర చేరింది. ఆయనకి డెబ్బై దాటాయి. రోజుకి పది మాటలు మాట్లాడితే అందులో ఆరు ‘ఊ’లు. శిష్యురాలు ఆ లోటు తీర్చేది. ఆమె నోటికి రేవులో సగంమంది దణ్ణం పెట్టేవాళ్ళు, మిగతా సగం దారి మార్చుకునేవాళ్ళు.

మొదటిసారి బోటు ఆగినప్పుడు ఆమె పావుగంటలో రోగం పట్టేసింది. రిలే ఉప్పు పట్టి కుళ్ళిపోయింది. దీపాల బ్యాటరీకి ఛార్జింగే వెళ్ళడం లేదు. కొత్త రిలే బిగించింది. అప్పుడే బ్యాటరీల పెట్టెలో ఇంకోటి కూడా కంటబడింది. ఎవరో ఒక పాత తీగ ముక్కతో రెండు బ్యాటరీలనీ ముడేశారు. దాన్ని పీకి గట్టు మీదికి విసిరేసి ఏడుగురినీ నిలబెట్టి కడిగేసింది.

"ఏ మహానుభావుడు తగిలించాడయ్యా దీన్ని? ఒకటి చస్తే రెండోదాన్ని కూడా లాక్కుని చావడానికా? బోటు తగలబెడదామనుకుంటే అగ్గిపుల్ల చాలుగా, ఇంత కష్టం దేనికి?"

ఏడుగురూ తలలు వంచుకుని వలలు సర్దుకున్నారు.

"ఇంక ఆగదు. నాదీ పూచీ" అంది వాళ్ళని పంపేటప్పుడు.

ఆగింది.

రెండోసారి డైనమో బెల్టు మార్చింది. టెర్మినళ్ళన్నీ గీకి, గ్రీజు రాసి, ఒక్కో మర వేలితో ముట్టుకుని మరీ చూసింది. "ఇంక ఆగదు. నాదీ పూచీ" అంది.

మళ్ళీ ఆగింది.

ఇప్పుడు మూడోసారి. మూడు రోజులుగా ఇంజను గదిలోనే ఉంది నాంచారి. డీజిలు వాసన జుట్టులోంచి పోవడం లేదు. మోచేతుల దాకా మసి. అన్నం తింటే డీజిలు, నీళ్ళు తాగితే డీజిలు. ఇంజను తిప్పితే మీటరు పధ్నాలుగు వోల్టులు చూపిస్తోంది. ఆపితే రెండు బ్యాటరీలూ బుద్ధిగా విడిపోతున్నాయి. దీపాలన్నీ వేసి గంటసేపు వెలిగించినా ఇంజను బ్యాటరీ ముల్లు కదలడం లేదు. పుస్తకంలో ఎలా రాసి ఉందో అలాగే ఉంది ఆ బోటు. అదే ఆమె ప్రాణం తీస్తోంది. తప్పు కనబడితే దిద్దుకోవచ్చు. తప్పు కనబడకపోతే ఏం చేస్తాం?

నాలుగో రోజు పొద్దున్న మోపిదేవి వచ్చి ఇంజను గది తలుపు దగ్గర గొంతుక్కూచున్నాడు. ఆయన మొహంలో కోపం లేదు. కోప్పడే ఓపిక కూడా అయిపోయినట్టుంది.

"సాయంత్రం పోటు మీద మొగ దాటి సముద్రంలో పడాలి పాపా. ఇవాళ కాకపోతే ఈ కళాసీలు నా దగ్గర ఉండరు, వేరే బోట్లెక్కుతారు. ఆళ్ళని తప్పు పట్టను నేను. ఆళ్ళకీ పెళ్ళాంబిడ్డలున్నారు. నువ్వు ఎళ్ళమంటే ఎళతాను. వద్దంటే తాడేసి కట్టేస్తాను. ఏదో ఒకటి చెప్పు."

నాంచారి నోరు తెరిచింది. నాలిక చివరదాకా వచ్చిన ‘నాదీ పూచీ’ బయటికి రాలేదు. రెండుసార్లు ఆమె మాట పట్టుకుని ఏడుగురు సముద్రం మీదికి వెళ్ళారు. రెండుసార్లూ దీపం లేకుండా, పిలిస్తే పలికే సెట్టు లేకుండా, అలల మీద గడిపారు. మళ్ళీ ఈడ్చుకురావడానికి దగ్గర్లో ఇంకో బోటు ఉంటుందని ఎవరి పూచీ?

"మధ్యాహ్నానికి చెబుతా సరంగు మావా" అంది.

అని ఊరుకోలేదు. ఊరుకోవడం ఆమెకి రాదు. పైకొచ్చి, డెక్కు మీద ఐసు దించుకుంటున్న కళాసీలని చుట్టేసింది.

"నిజం చెప్పండి. దీపాల లైను మీద ఫోన్లు ఎన్ని పెడుతున్నారు?"

"రెండే పాపా."

"రెండా? మనుషులు ఏడుగురు, ఫోన్లు ఏడు. మిగతా అయిదూ గాలి పీల్చి బతుకుతున్నాయా?"

ఒకతను నవ్వబోయి, సరంగు మొహం చూసి మానేశాడు.

"పోనీ ఇంజను ఎన్ని గంటలు తిప్పుతున్నారు?"

"తిప్పాల్సినన్ని."

"అది గంటల మాట కాదు, గుంటనక్క మాట. ఎన్నింటికి ఆపుతున్నారు, ఎన్నింటికి వేస్తున్నారు?"

"ఏమ్మా, నీ కొత్త రిలేనే బాలేదేమో!" అన్నాడు ఐసు బుట్ట దించుతున్నవాడు, ఉండబట్టలేక.

"బాలేకపోతే ఇక్కడెందుకు పనిచేస్తోంది? దానికి గట్టు మీద ఒక బుద్ధీ నీళ్ళ మీద ఒక బుద్ధీ ఉంటాయా? ఇనుముకీ రాగికీ రెండు నాలికలుండవు బాబాయ్. మనుషులకే ఉంటాయి."

ఐసు బుట్టవాడు బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయాడు. ఇంకొకడు అప్పటికే బిగిసి ఉన్న ముడిని మళ్ళీ బిగించాడు. వెనక పొయ్యి దగ్గర బియ్యం కడుగుతున్న తిరపతయ్య మాత్రం తలెత్తకుండా కడుగుతూనే ఉన్నాడు. బోటులో వంట ఆయనది. అందరికంటే పెద్దవాడు. ఆ బియ్యానికి అప్పటికి నాలుగు నీళ్ళు మారాయి.

వాదనలో నాంచారి గెలిచింది. ఆమె ఎప్పుడూ గెలుస్తుంది. గెలిచి చుట్టూ చూస్తే, ఏడుగురు మనుషులు ఏడు వైపులకి తిరిగి ఉన్నారు. బోటు ఎక్కడిదక్కడే ఉంది.

మధ్యాహ్నం నమాజు అయ్యాక జలాల్ మేస్త్రి వచ్చాడు. మోకాళ్ళు పట్టేసి ఆయన బోట్లెక్కడం మానేసి చాలా కాలమైంది. ఆ వేళ గట్టు మీద నీడన, తిరగేసిన చేపల పెట్టె మీద కూచున్నాడు. నాంచారి నోటుపుస్తకం తెరిచి నిలబడింది.

"పధ్నాలుగు రకాలుగా చూశాను మేస్త్రీగారూ."

"ఊ."

"డైనమో, బెల్టు, రిలే, రెండు బ్యాటరీలూ, ఎర్తింగూ, అన్నీ బాగున్నాయి."

"ఊ."

"కొత్త రిలే తీసి ఇంకో కొత్తది పెట్టాను. అదీ బాగుంది."

"ఊ."

"సామాన్లో తప్పు లేదంటే తప్పు మనుషుల్లోనే కదా? వాళ్ళే ఏదో చేస్తున్నారు. అడిగితే ఒక్కడూ చెప్పడు. అందరూ కూడబలుక్కుని నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నారు. అవునా కాదా?"

ఈసారి ఆయన ‘ఊ’ అనలేదు. బోటువైపు చూస్తూ కూచున్నాడు. అక్కడ కళాసీలు అన్నాలు తింటున్నారు. మాట్లాడుకోకుండా తింటున్నారు. సముద్రం మీద బతికేవాళ్ళు గట్టు మీద ఉన్నప్పుడు అన్నం దగ్గర అంత నిశ్శబ్దంగా ఉండరు.

"చెయ్యి పట్టుకో" అన్నాడు లేస్తూ.

నాంచారి పట్టుకుంది. ఆయన చెప్పులు విడిచి, గట్టుకీ బోటుకీ మధ్య వేసిన పలక మీద ఒక్కో అడుగూ వెతుక్కుంటూ బోటెక్కాడు.

"మీటరు తెమ్మంటారా?"

"ఎందుకు? నువ్వు చూశావుగా."

మేస్త్రి రావడం చూసి కళాసీలు కంచాలు పక్కకి జరిపి లేవబోయారు. ఆయన చేత్తోనే కూర్చోమని, తినమని సైగ చేశాడు. వాళ్ళు తినేదాకా చూసి, చేతులు కడుక్కునేదాకా చూసి, అప్పుడు వాళ్ళ మధ్య డెక్కు మీద చతికిలబడ్డాడు. మోకాళ్ళు రెండూ పటపటమన్నాయి. కాసేపు అరచేత్తో వాటిని రాసుకుంటూ కూచున్నాడు.

"మోపిదేవీ."

"చెప్పు మేస్త్రీ."

"ఈ బోటు నీళ్ళలోకి దిగినప్పుడు వైరింగు చేసింది నేనే గదా."

"నువ్వే."

"అప్పుడే ఎక్కడో తప్పు చేసుంటాను. కళ్ళు మసకలు కమ్మడం అప్పటికే మొదలైంది. ఎవరికీ చెప్పలేదు." ఆయన తల మీది టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఈ పిల్ల వెతికింది. దానికి కనబడలేదంటే, నా తప్పు ఎక్కడో లోతుగా ఉండుంటుంది. తప్పు దానిది కాదు, మీది కాదు. ఏడుగురు మూడుసార్లు సముద్రం మీద నిలబడిపోయారు నా మూలాన. నన్ను మన్నించండయ్యా."

అని రెండు చేతులూ ఎత్తి వాళ్ళకి జోడించాడు.

నాంచారికి తెలుసు. అది అబద్ధం. ఆయన వేసిన వైరింగు ప్రతి అంగుళమూ ఆమె చేత్తో తడిమి చూసింది. ఆ రేవులో అంత శుభ్రమైన పని ఇంకో బోటులో లేదు. ఒక్కో ముడీ నిన్న వేసినట్టుంది. "మేస్త్రీగారూ, మీరు..." అంటూ ముందుకొచ్చింది. ఆయన ఆమె వైపు చూడకుండానే ఒక వేలు కొంచెం ఎత్తాడు. అంతే. ఆమె ఆగిపోయింది.

నీళ్ళు బోటు పక్కన తపతపమని కొట్టుకుంటున్నాయి. జోడించిన ఆ చేతులు ముసలివి. ఆయన వాటిని దించడం లేదు. మోపిదేవి ఆ చేతుల వైపు చూడలేక మొహం తిప్పుకున్నాడు. ఐసు బుట్టవాడు కిందికి చూశాడు.

"దించవయ్యా సాయిబూ చేతులు" అన్నాడు తిరపతయ్య. "ఏం బాగోలేదు. దించు."

తిరపతయ్య లేచాడు. చేతులు ఇంకోసారి కడుక్కుని, తుండుగుడ్డతో తుడుచుకుని, సరంగు క్యాబినులోకి వెళ్ళాడు. క్యాబినులో చుక్కాని పైన గంగమ్మ పటం ఉంది. పటం ముందు పసుపు గుడ్డలో చుట్టిన చిన్న మూట ఒకటి. ఆ రేవు బోట్లలో అదో ఆచారం. నీళ్ళ మీద ప్రాణం నిలబెట్టిన వస్తువు ఏదైనా సరే, చెక్కముక్క కానీ, తెగిన తాడు కానీ, దాన్ని పసుపు గుడ్డలో కట్టి అమ్మ దగ్గర పెడతారు. బయటివాళ్ళు దాన్ని ముట్టుకోరు. ఏమిటని అడగరు. మూడు రోజులుగా నాంచారి దాని పక్కనుంచే వైర్లు లాగింది.

తిరపతయ్య ఆ మూట తెచ్చి డెక్కు మీద పెట్టి విప్పాడు.

లోపల జానెడు తీగ. ఒకవైపు తొడుగు కాలి నల్లబడింది. ఆమె మొదటిసారి పీకి గట్టు మీదికి విసిరేసిన తీగే అది.

నాంచారికి ఒక్క క్షణంలో మొత్తం అర్థమైపోయింది. గట్టు మీద ఆమె చూసిన బోటు వేరు. సముద్రం మీదికి వెళ్ళిన బోటు వేరు. మొగ దాటగానే ఈ తీగ బ్యాటరీల మీదికి ఎక్కుతుంది. అదున్నంతసేపూ రిలే ఉన్నా లేనట్టే. రాత్రంతా దీపాలు రెండు బ్యాటరీలనీ కలిపి తాగేస్తాయి. తెల్లవారి ఇంజనుకి మిగిలేది ఏమీ ఉండదు. రేవు కనబడగానే తీగ మళ్ళీ పసుపు గుడ్డలోకి పోతుంది.

మూడు రోజులు. పధ్నాలుగు పరీక్షలు. రెండు రిలేలు.

ఆమె నాలిక మీదికి మాటలు బిలబిలా వచ్చేశాయి. ఒక్కోటి పదునుగా, ఎదుటివాడు మళ్ళీ లేవకుండా ఉండేటట్టు. ఆమె మేస్త్రి వైపు చూసింది. ఆయన చేతులు అప్పుడే దించుకుని, టోపీ తల మీద సర్దుకుంటున్నాడు. ఆమెని చూడటం లేదు. ఎవరినీ చూడటం లేదు. చాలా అలిసిపోయి ఉన్నాడు.

నాంచారి వచ్చిన మాటలన్నీ మింగింది. మింగడం అంత కష్టమని ఆమెకి అప్పటిదాకా తెలీదు. తిరపతయ్య ఎదురుగా కూచుంది.

"ఎలా కట్టేవాడివి పెదనాన్నా? నాకు చూపించు."

ఆయన ఆమె మొహంలోకి అనుమానంగా చూశాడు. ఏ వైపునుంచి దెబ్బ పడుతుందో అన్నట్టు చూశాడు. పడలేదు. మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు.

"ఆ మొదటి తడవ దీపాలు పోయినయ్యి. సెట్టు పోయింది. వల నీళ్ళలో ఉంది. అప్పుడు ఇంజనేస్తే వల కింద తిరిగే పంఖాకి చుట్టుకుంటది. కదలటానికి లేదు. చీకట్లో ఓడ వస్తోంది పాపా. మీద కొండ లాగుంది. అది మమ్మల్ని చూడటంలా. అరిస్తే దానికేం వినపడద్ది? ఇంజను బ్యాటరీలో కరెంటుందని తెలుసు. ఈ తీగ దొరికింది. చేత్తోనే పట్టుకుని అటూ ఇటూ ఆనించాను. చెయ్యి కాలింది." అరచెయ్యి తిప్పి చూపించాడు. బొటనవేలి కింద గులాబి రంగు మచ్చ. "దీపం వెలిగింది. అట్టాగే ముడేశాను. ఓడ పక్కకి తిరిగింది. దాని అలకే మేం తిరగబడాల్సింది, అమ్మ కాపాడింది."

తిరపతయ్య ఆ చెయ్యి ముడుచుకున్నాడు.

"నువ్వు దాన్ని పారేస్తే, నువ్వెళ్ళాక గట్టు మీదికి దిగి వెతుక్కుని తెచ్చుకున్నాను. మరి నీకెట్టా చెప్పేది? నువ్వేమో తగలబెడతారా అన్నావు."

"రేవు కనపడగానే తీసెయ్యమంది నేనే" అన్నాడు మోపిదేవి, నేల చూస్తూ. "నువ్వు మళ్ళీ అరుస్తావని. దీని మూలానే ఆగుతుందని మాకేం తెలుసు? ఇది కాపాడింది గదా అనుకున్నాం."

నాంచారి ఆ తీగని చేతిలోకి తీసుకోలేదు. దాని వైపు చూస్తూ ఉంది.

"నా రిలే పెట్టాక ఇంక దీనితో పని లేదు పెదనాన్నా. ఇది లేకుండానే..." అని ఆగింది.

తిరపతయ్య అడిగాడు, గొడవకి కాదు, నిజంగానే తెలుసుకోవాలని. "సరే. మళ్ళీ ఓ రాత్రి నీ రిలే ఉప్పు పట్టి చచ్చింది అనుకో. ఓడ వస్తోంది. అప్పుడు?"

నాంచారి నోటుపుస్తకం తెరిచి చూసుకుంది. ఆమె పధ్నాలుగు పరీక్షల్లో అది లేదు. ఆమె నోటుపుస్తకంలో ఓడే లేదు.

"నాకు తోచలేదు పెదనాన్నా" అంది.

ఆ మాట అనడానికి ఆమెకి ఎంత పట్టిందో అక్కడ కూచున్న వాళ్ళందరికీ తెలుసు.

పోటుకి ఇంకా మూడు గంటల టైముంది. నాంచారి గట్టు మీదికి దిగి పరిగెత్తింది. బొటనవేలంత లావు కేబులు, పెద్ద స్విచ్చి ఒకటి తెచ్చింది. క్యాబినులో, చీకట్లో తడుముకున్నా చేతికి అందే చోట బిగించాలి. ఎక్కడో తిరపతయ్యనే అడిగింది. ఆయన కళ్ళు మూసుకుని, చీకట్లో ఉన్నట్టు చెయ్యి చాపి చూపించాడు. సరిగ్గా ఆ చెయ్యి ఆగిన చోటే బిగించింది.

"ఇది ఎప్పుడూ విడదీసే ఉండాలి. దీపాలు పోయి ప్రాణం మీదికొస్తే కలుపు. గండం దాటగానే విడదియ్యి. చెయ్యి కాలదు."

"మరి ఇది?" అన్నాడు తీగ చూపించి.

"అది సన్నది. ఇంక దానికి పని చెప్పకు, అమ్మ దగ్గరే ఉండనీ. దాని పని ఈ లావుది చేస్తుంది."

తిరపతయ్య తీగని మళ్ళీ పసుపు గుడ్డలో చుట్టుకున్నాడు.

పోటు నీళ్ళు గట్టుకి పాచి పట్టిన మెట్టు దాకా ఎక్కాయి. మోపిదేవి చుక్కాని దగ్గర నిలబడి అడిగాడు. "ఏమంటావు? ఎళ్ళేదా?"

"నాకు తెలిసినంతవరకూ బాగుంది మావా. ఆగితే ఆగొచ్చు కూడా. ఆగితే మాత్రం ఏం ముట్టుకున్నారో, ఏం చేశారో వచ్చి ఉన్నదున్నట్టు చెప్పండి. తిట్టను."

"తిట్టవూ?"

"తక్కువ తిడతాను."

డెక్కు మీద ఎవరో పకపకా నవ్వారు. నాలుగు రోజుల్లో ఆ బోటు మీద నవ్వు వినబడటం అదే మొదలు. తాడు విప్పారు. బోటు మొగ వైపు తిరిగింది.

తర్వాత నాలుగు రోజులూ నాంచారి వేరే బోట్ల మీద పనిచేసింది. చేతులు పనిలో ఉన్నా చెవులు మొగ వైపే ఉన్నాయి. రెండో రాత్రి దాటింది. మూడోది దాటింది. ఈడ్చుకొచ్చే బోటు ఇంజను చప్పుడు బరువుగా, మూలుగుతున్నట్టు ఉంటుంది. అది వినబడుతుందేమోనని భయంతోనే ప్రతి తెల్లారీ లేచింది.

అయిదో రోజు పొద్దున పది గంటలకి బోటు వచ్చింది. సొంత ఇంజను మీద వచ్చింది. గట్టుకి ఇంకా రెండు బారల దూరం ఉండగానే తిరపతయ్య ముందు భాగంలోకి వచ్చి చేతులు ఊపుతూ అరిచాడు.

"పాపా! మూడో రాత్రి ఆ స్విచ్చి ఓసారి ఊరికే కలిపి చూశాను! ఏ ఓడా రాలా! ఉత్తినే, పనిచేస్తదో లేదోనని! ఎంటనే తీసేశాను! ముందే చెబుతున్నా, తిట్టమాక!"

నాంచారి నవ్వుతూ చెయ్యెత్తింది. నవ్వుతుంటే కళ్ళెందుకు తడిశాయో ఆమెకి తెలీలేదు. నాలుగు రోజుల నిద్ర ఒక్కసారిగా కళ్ళ మీదికి వచ్చిపడింది. వెళ్ళి, నీడన బల్ల మీద కూచున్న మేస్త్రి ముందు నిలబడింది.

"మీ పనిలో తప్పు లేదని మీకు తెలుసు."

"ఊ."

"తీగ సంగతి ముందే తెలుసా?"

"నాకెలా తెలుస్తుంది? నేను బోటెక్కిందే ఆ రోజు."

"మరి లేని తప్పు ఎందుకు నెత్తినేసుకున్నారు మేస్త్రీగారూ? అందరి ముందూ చేతులు జోడించి?"

జలాల్ మేస్త్రి మోకాళ్ళు రాసుకున్నాడు. రేవులోకి చూశాడు. బుట్టలు దిగుతున్నాయి, మనుషులు ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు.

"మూడు వారాలు ఆ తప్పు ఈ గట్టు మీద తిరిగింది తల్లీ. కూచోడానికి ఎవరూ చోటివ్వలేదు. నేను కాస్త పక్కకి జరిగాను, అంతే."